మనుషుల్లో ఫెరోమోన్లు ఉన్నాయా? ఆ సెంటు కొంటే పనిచేస్తుందా?

నెల్లూరులో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల అన్నయ్యకు పెళ్లిచూపులు మొదలయ్యాయి. అతను ఫోన్లో ప్రకటన చూసి రెండున్నర వేలు పెట్టి ఒక "ఫెరోమోన్ సెంటు" ఆర్డర్ పెట్టాడట. అది రాసుకుంటే ఎదుటివాళ్లు తమకే తెలియకుండా ఆకర్షితులవుతారని ఆ ప్రకటనలో ఉందట. అసలు మనుషుల్లో ఫెరోమోన్లు ఉన్నాయా? ఆ సెంటు పనిచేస్తుందా? ఒకే గదిలో ఉండే ఆడపిల్లలకు నెలసరి ఒకేసారి వస్తుందంటారు, అది కూడా వీటివల్లేనా? ఈ మూడూ ఆ అమ్మాయి సందేహాలు.

చూడమ్మా, ముందు జవాబు చెప్పేస్తాను. ఆ సెంటు పనిచేయదు, డబ్బు దండగ. మనిషి ఒంట్లోంచి వచ్చే ఫలానా పదార్థం ఇంకో మనిషిలో కోరిక పుట్టిస్తుందని ఇప్పటిదాకా ఎవరూ రుజువు చేయలేదు. వెతకడం మొదలై దశాబ్దాలు గడిచాయి. మనుషుల మధ్య వాసనకు చోటు లేదని నేననడం లేదు. చాలా ఉంది. కాకపోతే ఆ సీసా అమ్మేవాళ్లు చెప్పే తీరులో లేదు. నెలసరి సంగతి చివర్లో చెప్తాను, దానిక్కూడా రుజువు నిలబడలేదు.

నేను పశువైద్యుణ్ణి. కందుకూరు, కనిగిరి, పామూరు వైపు ఊళ్లలోనే ఉద్యోగమంతా గడిచింది. మనుషుల సంగతి పశువుల డాక్టరు చెప్పడమేంటని అనుకోవద్దు. ఫెరోమోన్ నిజంగా పనిచేస్తే ఎలా ఉంటుందో రోజూ కళ్లారా చూసేది మేమూ, వ్యవసాయ శాఖ వాళ్లూనే. ఆ తేడా తెలిస్తే మనుషుల విషయంలో ఎక్కడ తిరకాసు ఉందో మీకే అర్థమవుతుంది.

ఫెరోమోన్ అనే మాట పుట్టింది 1959లో. పీటర్ కార్ల్‌సన్, మార్టిన్ లూషర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పెట్టిన పేరు. ఒక జీవి బయటికి వదిలిన పదార్థాన్ని అదే జాతికి చెందిన ఇంకో జీవి పసిగట్టి, దానికి తగ్గట్టు ఒక నిర్దిష్టమైన పని చేయాలి, లేదా దాని ఒంట్లో ఒక నిర్దిష్టమైన మార్పు రావాలి. అప్పుడే దాన్ని ఫెరోమోన్ అంటారు. అదే ఏడాది జర్మనీలో అడాల్ఫ్ బుటెనాంట్ బృందం పట్టుపురుగుల నుంచి బాంబికాల్ అనే మొట్టమొదటి ఫెరోమోన్‌ను వేరుచేసింది. దాదాపు ఐదు లక్షల ఆడ పురుగుల గ్రంథులు సేకరిస్తే దక్కింది కొన్ని మిల్లీగ్రాములే. ఆ పని పూర్తవడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

మన జిల్లాల రైతులకు ఇది కొత్త సంగతేం కాదు. శనగ చేలో, మిరప తోటలో కర్రకు కట్టి వేలాడదీసే లింగాకర్షక బుట్టలు చూసే ఉంటారు. పురుగు ఉధృతి తెలుసుకోవడానికి ఎకరాకు నాలుగు పెట్టమంటారు. బుట్ట మూత కింద వేలి గోరంత రబ్బరు ఎర ఉంటుంది. ఆడ పురుగు వదిలే పదార్థాన్నే ల్యాబ్‌లో తయారుచేసి ఆ రబ్బరుకు ఎక్కిస్తారు. కింద పొడుగాటి పాలిథీన్ సంచి ఉంటుంది. తెల్లారి సంచి ముడి విప్పి చూస్తే అందులో పడినవన్నీ మగ రెక్కల పురుగులే. శనగపచ్చ పురుగు ఎర పెడితే ఆ పురుగే పడుతుంది. పొగాకు లద్దె పురుగు కావాలంటే దాని ఎర వేరు. అక్కడ ఆడ పురుగు లేదు, ఉన్నది రబ్బరు ముక్క. అయినా కనిగిరిలో పెట్టినా కోవూరులో పెట్టినా, ఈ ఏడు పెట్టినా వచ్చే ఏడు పెట్టినా, మగ పురుగు వచ్చి తీరుతుంది.

ఫెరోమోన్ అనాలంటే ఈ పరీక్ష నెగ్గాలి. ఇదిగో ఫలానా రసాయనం అని వేలు పెట్టి చూపించగలగాలి. ఆ జీవి దగ్గర లేకుండా ఒట్టి రసాయనమే పెట్టినా అదే ఫలితం రావాలి. ఒంట్లో సహజంగా ఎంత మోతాదు ఉంటుందో అంతే పెట్టినప్పుడు రావాలి. ఒకరిద్దరిలో కాకుండా ఆ జాతిలో ఆ వయసు, ఆ దశలో ఉన్నవాటన్నిటిలో రావాలి.

పెద్ద జంతువుల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. ఆడ ఏనుగు ఎదకొచ్చే ముందు దాని మూత్రంలో కనిపించే ఒక పదార్థం మగ ఏనుగుల్ని రప్పిస్తుందని 1996లో తేలింది. విచిత్రం ఏంటంటే ఎన్నో రకాల రెక్కల పురుగుల ఆడవి వాడేది కూడా అదే పదార్థం. యోజనగంధి కథ మనందరికీ తెలుసు కదా, యమున ఒడ్డున పరిమళం పట్టుకుని వెతుక్కుంటూ శంతనుడు ఆమె దాకా వెళ్తాడు. ఆ పని నిజంగా చేసేది ఆ మగ పురుగు, ఆ మగ ఏనుగు.

ఇక నా వృత్తిలో చూసినవి. ఎదకొచ్చిన ఆవు మూత్రం పోస్తే ఆబోతు అందులో మూతి పెడుతుంది. తర్వాత మెడ చాచి, తల పైకెత్తి, పై పెదవి ముడుచుకుని, ఊపిరి బిగబట్టినట్టు కాసేపు కదలకుండా నిలబడుతుంది. పిల్లలు అది నవ్వుతోందంటారు. పశువుకు పైదవడ ముందు భాగంలో పళ్లుండవు, గట్టి చిగురు ఉంటుంది. దాని వెనకే రెండు సన్నని రంధ్రాలుంటాయి. వాటిగుండా ఆ తడి ముక్కు అడుగున ఉండే వొమెరోనేసల్ అనే ప్రత్యేక అవయవానికి చేరుతుంది. గేదెల్లో మూగ ఎద ఎక్కువ. అరవదు, ఎదలో కారే జిగట తీగలు సరిగా వేయదు, రైతు కనిపెట్టలేక సూది వేయించే అదను దాటిపోతుంది. "మనకు తెలియకపోయినా దున్నకు తెలిసిద్ది డాక్టరుగారూ" అని పామూరు వైపు ఒక పెద్దాయన ఎప్పుడూ అనేవారు. అక్షరాలా నిజం.

మేకపోతు కంపు మీకు తెలిసే ఉంటుంది. ఎదకాలం కాని రోజుల్లో, పోతు మొహమే చూడని మేకల మందలోకి ఒక పోతును వదిలితే కొద్ది రోజుల్లోనే చాలా మేకలు ఎదకొస్తాయి. గొర్రెల్లో పొట్టేలుతోనూ అంతే. మందలో పొట్టేళ్లను కొన్నాళ్లు విడిగా ఉంచి మళ్లీ కలపమని మేం చెప్పేది ఇందుకే. 2014లో జపాన్ శాస్త్రవేత్తలు పోతుల తలకు ప్రత్యేకంగా టోపీలు కట్టి అక్కడి ఆవిర్లు సేకరించారు. అందులో దొరికిన 4-ఇథైల్ఆక్టనాల్ అనే పదార్థం మేక మెదడులో సంతానోత్పత్తిని నడిపే భాగాన్ని ఉత్తేజపరుస్తుందని చూపించారు. అది గాలి తగిలి మారినప్పుడు వచ్చేదే మనకు తెలిసిన ఆ పోతు కంపు.

పంది సంగతి మాత్రం మీ అన్నయ్య సీసాకు నేరుగా సంబంధించింది. మగ పంది చొంగలో ఆండ్రోస్టెనోన్ ఉంటుంది. విదేశాల్లో పందుల ఫారాల వాళ్లు దీన్ని స్ప్రే డబ్బాల్లో కొంటారు. ఆడ పంది ముక్కు దగ్గర కొట్టి నడుము మీద నొక్కితే, ఎదలో ఉన్న పంది కదలకుండా నిలబడిపోతుంది. ఎదలో లేనిది పక్కకు తప్పుకుని పోతుంది. దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోండి. పందిలో కూడా ఆ వాసన లేని కోరికను పుట్టించదు. ఒంట్లో అప్పటికే సిద్ధంగా ఉన్నదాన్ని బయటపెడుతుంది, అంతే. మనుషులకు అమ్మే చాలా సీసాల్లో ఉందని చెప్పుకునేది ఈ ఆండ్రోస్టెనోన్, దాని చుట్టాలే.

మరి మనుషుల్లో?

పశువుకున్న ఆ వొమెరోనేసల్ అవయవం మనిషికి కడుపులో పిండంగా ఉన్నప్పుడు ఏర్పడుతుంది. పెద్దయ్యాక చాలామందిలో ముక్కు నడిమి గోడ మీద చిన్న గుంటలా మిగిలి ఉంటుంది. అక్కణ్ణుంచి మెదడుకు పనిచేసే నరం లేదు. ఆ సంకేతాలు అందుకునే మెదడు భాగం కూడా మనలో కనిపించదు. ఆ అవయవం పనిచేయడానికి కావాల్సిన టీఆర్‌పీసీ2 అనే జన్యువు మనలోనే కాదు, చింపాంజీల్లో కూడా చెడిపోయి ఉంది. కొందరు ఇంతటితో కథ ముగిసిందంటారు. నేను అంత దూరం వెళ్లను. పందుల్లో ఆ అవయవాన్ని మూసేసి చూసినా ఆండ్రోస్టెనోన్‌కు స్పందించాయి. అంటే మామూలు ముక్కుతో కూడా ఫెరోమోన్ పని జరగొచ్చు. కాబట్టి మనిషిలో అసాధ్యమని ఎవరూ అనలేరు. దొరకలేదని మాత్రం కచ్చితంగా అనొచ్చు.

సీసాల వాళ్లు చెప్పే "మానవ ఫెరోమోన్లు" ఎక్కణ్ణుంచి వచ్చాయో చూడండి. 1991లో పారిస్‌లో ఒక సదస్సు జరిగింది. దానికి డబ్బు పెట్టింది ఈ వ్యాపారంలోకి దిగిన ఒక కంపెనీయే. అక్కడ ఆండ్రోస్టాడయీనోన్, ఎస్ట్రాటెట్రయీనాల్ అనే రెండు పదార్థాలను మగ, ఆడ ఫెరోమోన్లు కావొచ్చంటూ ముందుకు తెచ్చారు. వాటినే ఎందుకు ఎంచుకున్నారో, ఏ పరీక్ష పెట్టి తేల్చారో ఎక్కడా చూపించలేదు. ఆ తర్వాత చాలామంది పరిశోధకులు అవి ఫెరోమోన్లే అన్న నమ్మకంతో వాటి మీదే ప్రయోగాలు చేసుకుంటూ పోయారు. ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్త ట్రిస్ట్రమ్ వయట్ 2015లో దీన్నంతా విప్పి చెప్పి, పురుగుల్లో చేసినట్టు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలన్నాడు. 2017లో ఆస్ట్రేలియాలో ఆ రెండు పదార్థాలనే నేరుగా పరీక్షించారు. ఒక రోజు ఆ పదార్థం, ఇంకో రోజు ఉత్తిది వాసన చూపించి ఎదుటి లింగం వాళ్ల ఫొటోలకు మార్కులు వేయమన్నారు. ఏ తేడా రాలేదు.

ఇంకో మాట. ఆండ్రోస్టెనోన్ అందరికీ ఒకే వాసన వేయదు. కొందరికి పాత చెమట, మూత్రం కంపు. కొందరికి తీపిగా వెనీలా వాసన. కొందరికి ఏ వాసనా తెలియదు. దీనికి ఓఆర్7డీ4 అనే వాసన జన్యువులోని తేడాలు చాలావరకు కారణమని 2007లో తేలింది. శనగపచ్చ పురుగు ఎరలా అందర్నీ ఒకే రకంగా లాగే పదార్థం మనకు ఇలా మనిషికో తీరుగా తోస్తుందా? పెళ్లిచూపుల్లో ఎదురుగా కూర్చున్న అమ్మాయికి అది మూత్రం కంపు కొడితే మీ అన్నయ్య ఏం చేస్తాడు?

"వాడినవాళ్లు బాగుందని రాశారు కదా" అని మీరు అడగొచ్చు. వాళ్లందరూ అబద్ధం చెప్తున్నారని నేననుకోను. బ్రిటన్‌లో 2009లో వచ్చిన ఒక పరిశోధన ఉంది. కొందరు మగవాళ్లకు సువాసన ఉన్న మామూలు డియోడరెంట్, కొందరికి వాసన లేనిది ఇచ్చారు. సువాసన వాడినవాళ్లకు తమ మీద తమకు నమ్మకం పెరిగింది. తర్వాత మాట వినిపించకుండా వాళ్ల వీడియోలు ఆడవాళ్లకు చూపిస్తే, సువాసన వాడినవాళ్లే ఎక్కువ ఆకర్షణీయంగా ఉన్నారన్నారు. వీడియోలో వాసన రాదు కదా! కూర్చున్న తీరులో, ముఖంలో ధీమా కనిపించింది. ఆ పాటి ధీమాకు రెండున్నర వేలు అక్కర్లేదు, వీధి చివర కొట్లో దొరికేది చాలు.

ఇప్పుడు వాసనకు నిజంగా విలువ ఎక్కడుందో చెప్తాను. నాకు చాలా ఇష్టమైన విషయం ఇది.

దూడ చనిపోతే కొన్ని గేదెలు చేపవు. పొదుగు నిండుగా ఉన్నా పాలు వదలవు. ఆ దూడ తోలు ఒలిచి, ఆరబెట్టి, లోపల గడ్డి కూరి ముందు నిలబెట్టేవాళ్లు పాతకాలంలో. గేదె దాన్ని మూచూసి, నాకి, కాసేపటికి చేపేది. పక్కింటి గేదె దూడను తెచ్చి నిలబెడితే కొమ్ముతో నెట్టేసేది. గొర్రెల కాపరులు తల్లి చనిపోయిన పిల్లను ఇంకో గొర్రెకు అలవాటు చేయడానికి కూడా ఇదే చేస్తారు. ఆ గొర్రెకు పుట్టి చనిపోయిన పిల్ల తోలు ఈ పిల్లకు కప్పుతారు. ఇక్కడ పనిచేసింది ఫెరోమోన్ కాదమ్మా. "ఇది నా దూడ" అని గుర్తుపట్టే ఆ ఒక్క దూడ వాసన. జాతి మొత్తానికి ఒకే సంకేతం ఫెరోమోన్, మనిషికో తీరుగా ఉండే గుర్తు ఒంటి వాసన. ఈ రెంటినీ కలిపేయడం వల్లే సగం గందరగోళం.

మనుషుల్లో ఈ రెండోది బలంగా ఉంది. పుట్టిన కొద్ది రోజులకే పసిబిడ్డ తల్లి రొమ్ము దగ్గర పెట్టిన గుడ్డ వైపు తల తిప్పుతుంది. తల్లులు కూడా కళ్లతో చూడకుండా, బిడ్డ తొడిగిన చొక్కా వాసనతోనే తమ బిడ్డను గుర్తుపట్టగలరని ప్రయోగాల్లో తేలింది. ఇంకా ఆసక్తికరమైనది 2009లో ఫ్రాన్స్ వాళ్లు చూపించారు. చనుమొన చుట్టూ ఉండే నల్లటి వలయంలో చిన్న చిన్న గ్రంథులుంటాయి. అక్కడి స్రావం మూడు రోజుల బిడ్డల ముక్కు దగ్గర పెడితే, అది వేరే తల్లిదైనా సరే, నోరు చప్పరించి వెతుక్కోవడం మొదలుపెట్టారు. మనుషుల్లో ఎప్పటికైనా నిజమైన ఫెరోమోన్ దొరికితే అది ఇక్కడే దొరుకుతుందని చాలామంది ఆశ, నాదీ అదే. కుందేలు తల్లి పాలలో అలాంటిది 2003లోనే దొరికింది.

స్త్రీ పురుషుల విషయానికొస్తే 1995లో స్విట్జర్లాండ్‌లో క్లాస్ వెడెకిండ్ చేసిన ప్రయోగం బాగా పేరు పడింది. మగవాళ్లు రెండు రాత్రులు వేసుకున్న బనియన్లను పెట్టెల్లో పెట్టి ఆడవాళ్లకు వాసన చూపించారు. రోగనిరోధక జన్యువులు తమకు భిన్నంగా ఉన్నవాళ్ల వాసనే వాళ్లకు ఎక్కువ నచ్చింది. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నవాళ్లలో తిరగబడింది. తర్వాత చేసిన పరిశోధనల్లో కొన్ని ఔనన్నాయి, కొన్ని కాదన్నాయి. దగ్గరి రక్తం వాసన మనకు నచ్చదని, అందుకే మేనరికాలు తప్పని దీన్ని పట్టుకుని చెప్పేవాళ్లున్నారు. అంత దూరం లాగకూడదు. మేనరికం వద్దనడానికి పిల్లలకు వచ్చే జన్యు జబ్బుల ముప్పు ఒక్కటే చాలు. ఒంగోలు జాతి మందలో ఒకే ఆబోతును దాని కూతుళ్ల మీదికి వదలొద్దని మేం రైతులకు చెప్పడమూ అందుకే.

మీ అన్నయ్యకు నా సలహా. చెమటకు పుట్టినప్పుడు వాసన ఉండదు. చంకల్లోని గ్రంథులు వదిలే స్రావాన్ని అక్కడి బాక్టీరియా తిన్నాకే కంపు పుడుతుంది. మన ఎండల్లో బస్సు దిగి, తడిసిన చొక్కా మీదే సెంటు కొట్టుకుంటే రెండూ కలిసి ఇంకా పాడుగా ఉంటుంది. స్నానం చేసి, చంకలు పొడిగా తుడుచుకుని, ఉతికిన నూలు చొక్కా వేసుకుని, మామూలు డియోడరెంట్ పలచగా రాసుకుంటే సరిపోతుంది. నోటి వాసన సంగతి కూడా చూసుకోమనండి, ఎదురుగా కూర్చుని మాట్లాడేటప్పుడు ముందు తెలిసేది అదే. ఉన్నట్టుండి ఒంటి వాసన మారినా, నోట్లోంచి మాగిన పండు వాసన వస్తున్నా సెంటుతో కప్పొద్దు, షుగర్ పరీక్ష చేయించుకోవాలి.

ఆర్డర్ ఇంకా రాకపోతే రద్దు చేయమనండి. వచ్చేసి ఉంటే, అందులో ఏం కలిపారో సరిగా రాయని నూనెలు మెడకు, ముఖానికి రాయొద్దు. దద్దుర్లు వచ్చే ప్రమాదం ఉంది.

చివరిది, మీ హాస్టల్ సంగతి. 1971లో మార్తా మెక్‌క్లింటాక్ అమెరికాలో ఒక కాలేజీ హాస్టల్లోని 135 మంది ఆడపిల్లల్ని గమనించి, కలిసి ఉండేవాళ్ల నెలసరి తేదీలు దగ్గరవుతున్నాయని రాసింది. ప్రపంచమంతా నమ్మింది ఆ ఒక్క వ్యాసం వల్లే. తర్వాత ఆ లెక్కలు కట్టిన పద్ధతిలో లోపాలున్నాయని ఇతరులు చూపించారు. 2006లో చైనా హాస్టళ్లలో 186 మందిని ఏడాదికి పైగా గమనించి రాసిన పరిశోధనలో తేదీలు కలవలేదు.

మరి కలిసినట్టు ఎందుకనిపిస్తుంది? ఇద్దరికీ 28 రోజుల చక్రమే అనుకోండి. వాళ్ల తేదీల మధ్య దూరం ఎప్పుడూ 14 రోజులు దాటదు. ఏ సంబంధమూ లేకపోయినా సగటున 7 రోజులే ఉంటుంది. ఒక్కొక్కరికి నాలుగైదు రోజులు ఉంటుంది కాబట్టి తరచుగా కలుస్తుంది. ఒకరిది 26 రోజులు, ఇంకొకరిది 31 అయితే కొన్ని నెలలు దగ్గరికొచ్చి మళ్లీ దూరమవుతాయి. దగ్గరికొచ్చిన నెలలు మనకు గుర్తుంటాయి. కావాలంటే నలుగురూ కలిసి ఒక ఏడాది తేదీలు రాసుకుని చూడండి.

మీ తేదీలు ముందుకూ వెనక్కూ జరుగుతుంటే గదిలో వాళ్లు కారణం కాదు. పరీక్షల టెన్షన్, నిద్ర లేకపోవడం, హాస్టల్ తిండి సరిపడక బరువు తగ్గడం, థైరాయిడ్, పీసీఓడీ లాంటివి చూసుకోవాలి. తరచూ 21 రోజుల లోపే వస్తున్నా, 35 రోజులు దాటుతున్నా, మూడు నెలలు అసలు రాకపోయినా ఆలస్యం చేయకుండా లేడీ డాక్టర్‌కు చూపించుకోండి.